లెక్క పెట్టడం, లెక్క చేయడం

చిత్రకళ చదువుకుంటున్న మా అమ్మాయి సంక్రాంతి సెలవులకు కందుకూరు వచ్చినప్పుడు ఒక చెట్టు బొమ్మను ల్యాప్‌టాప్‌లో చూపించి, ఇది ఎవరు వేసి ఉంటారో ఊహించమంది. బొమ్మ నిండా సన్నటి గళ్ళు ఉన్నాయి. చెట్టు పరుచుకున్నంత మేరా ఆ గళ్ళలో అంకెలు ఉన్నాయి, చెట్టు లేనిచోట గడి ఖాళీగా ఉంది. దగ్గరికి వెళ్తే అంకెలు తప్ప చెట్టు కనిపించదు, వెనక్కి జరిగితే చెట్టు తప్ప అంకెలు కనిపించవు. ముప్పై రెండేళ్ళు ఊరూరా తిరిగి భూములు కొలిచి రిటైరైన మనిషిని కాబట్టి, "ఎవరో సర్వేయరు వేసినట్టుంది" అన్నాను. మెచ్చుకోలుగా అన్నానా, ఎగతాళిగా అన్నానా అని అమ్మాయి నిలదీసింది. ఆ రోజు తేల్చుకోలేకపోయాను. ఇప్పుడు తేలింది కాబట్టి రాస్తున్నాను.

ఆ బొమ్మ వేసినాయన పేరు చార్లెస్ గెయిన్స్. 1944లో అమెరికాలోని దక్షిణ కెరోలినా రాష్ట్రంలో, చార్ల్స్‌టన్‌లో పుట్టి, న్యూజెర్సీలో పెరిగిన నల్లజాతి చిత్రకారుడు. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో ఇరవై ఏళ్ళ పాటు, ఆ తర్వాత అదే రాష్ట్రంలోని కాల్‌ఆర్ట్స్ అనే కళల విద్యాసంస్థలో దశాబ్దాల పాటు పాఠాలు చెప్పాడు. కాన్సెప్చువల్ ఆర్ట్ అని పిలిచే ధోరణికి చెందినవాడు. చేతి నేర్పు కన్నా ముందు ఆలోచన ఉండాలనీ, ఆలోచనను ఒక నియమంగా మార్చి దాన్ని చివరిదాకా తప్పకుండా నడిపించడమే కళాకారుడి పని అనీ నమ్మే ధోరణి అది. ఆ ధోరణికి పెద్దదిక్కు లాంటి సోల్ లెవిట్ 1967లోనే, ఆలోచన అనేది కళను తయారుచేసే యంత్రం అవుతుందని రాశాడు. అయితే లెవిట్ నియమాలు ఎక్కువగా గీతలకూ ఘనాలకూ సంబంధించినవి, గీతకు సొంత ఇష్టాయిష్టాలు ఉండవు కనుక అక్కడ నియమానికి ఎదురు చెప్పేవాళ్ళు లేరు. గెయిన్స్ ఆ యంత్రాన్ని తీసుకుపోయి చెట్టు ముందు పెట్టాడు. చెట్టు మన నియమాన్ని ఎరగదు, ఎరిగే అవసరమూ దానికి లేదు. నాకు ఆసక్తి కలిగింది అక్కడే.

1975లో ఆయన మొదలుపెట్టిన అక్రోటు తోట వరుసలో ఒక్కొక్క చెట్టుకు మూడేసి బొమ్మలు ఉంటాయి. మొదటిది చెట్టు ఫొటో. రెండోది ఆ చెట్టు అంచుల్ని మాత్రమే పట్టుకున్న గీతబొమ్మ. మూడోదానిలో ఆ చెట్టు గళ్ళ మీద అంకెలుగా మారుతుంది, దానితోపాటు ఆ వరుసలో అంతకుముందు వచ్చిన చెట్లన్నీ కూడా అదే గళ్ళలో పేరుకుంటూ వస్తాయి. అంటే మొదటి చెట్టు ఒంటరిగా నిలబడుతుంది, పదో చెట్టు దగ్గరికి వచ్చేసరికి తొమ్మిది చెట్ల గుంపులో నిలబడుతుంది. 1980ల నడుమ నుంచి ఇదే పనిని ఆయన పారదర్శకమైన అక్రిలిక్ పలకల మీదికి మార్చాడు. వెనక చెట్టు ఫొటో, ముందు పలక మీద రంగు రంగుల గళ్ళు, గళ్ళలో అంకెలు, ఒక్కో చెట్టుకు ఒక్కో రంగు. ఏళ్ళు గడిచినా, అక్రోటు పోయి ఈతజాతి చెట్లు వచ్చినా, గడి వేసి అంకె రాసే తీరు మాత్రం పెద్దగా మారలేదు. మారింది చెట్టు ఒక్కటే.

మా ఊళ్ళో రిటైరైన డ్రాయింగు మాస్టారు ఒకాయన ఉన్నాడు, సాయంత్రాలు ఇద్దరం కలిసి నడుస్తాం. ఫోనులో ఈ బొమ్మ చూపిస్తే ఆయనకు ఒళ్ళు మండింది. "ఇది గుమాస్తా పని సార్. చెట్టును చూస్తే చెయ్యి కదలాలి, మనసు కదలాలి. అంకె వేసిన చెట్టు కొట్టేయబోయే చెట్టు. అడవిలో చూడండి, నంబరు పడిందంటే గొడ్డలి వస్తుందనే" అన్నాడు. ఈ మాటను నేను తేలిగ్గా కొట్టిపారేయలేను. ప్రకృతిని నియమాలతో, అంకెలతో చిత్రించే కళ మీద ఎక్కడైనా వినిపించే అభ్యంతరం ఇదే: లెక్క చల్లనిది, ప్రాణం వెచ్చనిది, చల్లనిది వెచ్చనిదాన్ని ఎలా పట్టుకుంటుంది అని. పైగా మాస్టారికి తెలియకపోయినా, ఆయన చెప్పిన గొడ్డలి పనికి నేనే ఒకసారి సాక్షిని.

ఇరవై ఏళ్ళ కిందట ఒక కాలువ పనికి భూమి తీసుకునేటప్పుడు, పోయే పొలాల్లో ఉన్న చెట్లకు పరిహారం కట్టడానికి ముగ్గురు ఉద్యోగులం కలిసి చెట్ల లెక్క రాశాం. రిజిస్టరులో నిలువు గళ్ళు ముందే అచ్చయి ఉంటాయి: వరుస సంఖ్య, సర్వే నంబరు, చెట్టు రకం, చుట్టుకొలత, వయసు, విలువ. నేలకు నాలుగున్నర అడుగుల ఎత్తున మాను చుట్టూ టేపు పట్టి చుట్టుకొలత చదవాలి. ఒక అవ్వ పొలం గట్టు మీద రెండు చింతచెట్లు ఉన్నాయి. రెండిటికీ చుట్టుకొలత అంగుళం తేడా లేకుండా ఒకటే వచ్చింది. వయసు అడిగితే రెండూ తన అత్త నాటినవే అని చెప్పింది. కాబట్టి రెండు వరుసల్లోనూ ఒకే విలువ పడింది, కింద కూడిక వేసి సంతకాలు పెట్టాం. అవ్వ రిజిస్టరు వంక చూసి, "ఏం నాయనా, రెండిటికీ ఒకే లెక్క రాస్తివే. ఆ చెట్టు కాయంతా పీచు. ఈ చెట్టు పండు లేకుంటే మా వీధిలో చేపల పులుసే కాగదు" అంది. చుట్టుకొలతను బట్టే విలువ కట్టాలని రూలు ఉందని నేను చెప్పాను. నేను చెప్పింది నిజమే, ఆమె చెప్పిందీ నిజమే, కానీ రిజిస్టరులో నిలువు గళ్ళు ఆరే ఉన్నాయి. రెండు చెట్లూ ఆ నెలలోనే పడ్డాయి.

కనుక అంకె చెట్టును చంపుతుందన్న మాస్టారి మాట ఊహ కాదని నాకు తెలుసు. అయితే నా ఉద్యోగంలోనే, అదే చేతులతో, అదే అంకెలతో ఇంకో పని కూడా చేశాను. ఆ పని చెట్ల రిజిస్టరుకు పూర్తిగా ఎదురు నడిచేది.

పొలం కొలిచే పద్ధతి తెలియని వాళ్ళ కోసం కొంచెం వివరంగా చెప్పాలి. మేము పనిలో చేరిన కొత్తలో గొలుసుతో కొలిచేవాళ్ళం. గొలుసు 66 అడుగులు, దానిలో 100 లింకులు, ఒక్కో లింకు ఎనిమిది అంగుళాలకు కాస్త తక్కువ. వెయ్యి చదరపు లింకులైతే ఒక సెంటు. పొలం ఎప్పుడూ పుస్తకంలో ఉన్నట్టు చతురస్రంగా ఉండదు. వాగు ఒకవైపు కొరుకుతుంది, గట్టు ఒకచోట పొట్ట తిరుగుతుంది, ఎవరి తాతో ఎప్పుడో బావి కోసం ఒక మూల వదిలేసి ఉంటాడు. అందుకని పొలం ఒక మూల రాయి నుంచి ఇంకో మూల రాయికి తిన్నగా ఒక గీత పట్టుకుంటాం. ఆ గీత వెంబడి గొలుసు లాగుతూ, గట్టు వంపు తిరిగిన ప్రతిచోటా లంబకోణం చూసుకునే క్రాస్‌స్టాఫ్ అనే పరికరం పెట్టి, గీత నుంచి గట్టుకు నిలువుగా ఎన్ని లింకులో కొలిచి రాసుకుంటాం. దాన్ని ఆఫ్‌సెట్ అంటాం. గీత మీద 240 లింకుల దగ్గర ఎడమకు 18, గీత మీద 310 దగ్గర ఎడమకు 31, అలా. ఎఫ్‌ఎంబీ అని అందరూ పిలిచే కొలతల పుస్తకంలో పొలం బొమ్మ అంటే ఈ గీతలూ ఈ అంకెలే. అందులో నా అభిరుచి ఏమీ లేదు. నాకు నచ్చిన గట్టును వంకర తీయడానికీ నచ్చని గట్టును సాపు చేయడానికీ వీల్లేదు. నియమం ఊరంతటికీ ఒకటే. అయినా వేల బొమ్మలు చూసినవాణ్ణి చెబుతున్నాను, ఒక పొలంలా ఇంకో పొలం ఎప్పుడూ లేదు. నియమం ఒకటే అయినందువల్లనే ఆ తేడా కనిపిస్తుంది. ఒక్కో పొలాన్ని ఒక్కో తీరుగా గీస్తే, తేడా పొలానిదో గీసినవాడిదో ఎలా తెలుస్తుంది?

గెయిన్స్ బొమ్మను చూడగానే సర్వేయరు పని అనడానికి కారణం ఇదే. ఆయన అంకెలూ మా ఆఫ్‌సెట్ల లాంటివి. ఒక గడిలో ఉన్న 9 అనే అంకె తొమ్మిది వస్తువులనో తొమ్మిది రూపాయలనో చెప్పదు, ఆ గడి ఎక్కడుందో చెబుతుంది. అది పరిమాణం కాదు, చిరునామా. ఇంకా ముఖ్యమైనది, చెట్టంతా అంకెలతో నిండిపోయినా ఆయన ఎక్కడా కింద గీత కొట్టి మొత్తం వేయడు. ఈ చెట్టు ఇంత, ఆ చెట్టు అంత అనే మాట రాదు. పరిహారం రిజిస్టరు చుట్టుకొలతను రూపాయల్లోకి మార్చి, రూపాయలను కూడి, ఆ కూడికలో చెట్టును మాయం చేస్తుంది. కూడిక అయిపోయాక చెట్టుతో ఎవరికీ పని ఉండదు, అందుకే ఆ తర్వాత గొడ్డలి రావడం అంత సులువు. కూడిక లేని అంకె చెట్టును ఎక్కడికీ పోనివ్వదు, మళ్ళీ మళ్ళీ ఆ గడి దగ్గరికే, ఆ కొమ్మ దగ్గరికే చూపును పిలుస్తుంది. మన భాషలో లెక్క పెట్టడం వేరు, లెక్క చేయడం వేరు. రిజిస్టరులో మేము చింతచెట్లను లెక్క పెట్టాం, లెక్క చేయలేదు. గెయిన్స్ చేతిలో లెక్క పెట్టడమే లెక్క చేయడం అయింది.

ఇదంతా కూర్చుని చెప్పే మాట కాకూడదని నేనే ఒక ప్రయోగం చేశాను. కందుకూరు నుంచి సింగరాయకొండ పోయే దారి పక్కన ఒక చింతచెట్టు ఉంది. ముప్పై ఏళ్ళు బస్సులోంచి చూసిన చెట్టే. ఫోనుతో ఫొటో తీసి, జిరాక్సు షాపులో పెద్ద కాగితం మీద ప్రింటు తీయించి, దాన్ని కిటికీ అద్దానికి అతికించి, మీద గ్రాఫు కాగితం పెట్టి అంచు గీశాను. తర్వాత గెయిన్స్ పద్ధతిని చూసి నా వీలుకు ఒక నియమం పెట్టుకున్నాను. మాను ఉన్న నిలువు వరుస సున్నా, అక్కణ్ణుంచి కుడికీ ఎడమకూ ఒకటి, రెండు, మూడు. గడిలో సగానికి పైగా చెట్టు ఉంటేనే అంకె రాయాలి, లేకపోతే వదిలేయాలి. మొదలుపెట్టడానికి ముందు చింతచెట్టు ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే, గొడుగులా గుండ్రంగా ఉంటుందని చెప్పేవాణ్ణే. రాసుకుంటూ పోతే కుడివైపు అంకె 19 దాకా వెళ్ళింది, ఎడమవైపు 11 దగ్గర ఆగిపోయింది. మర్నాడు పోయి చూస్తే సంగతి తెలిసింది: ఎడమవైపు కరెంటు తీగలు పోతున్నాయి, ఏటా ఆ వైపు కొమ్మలు కొట్టేస్తారు. కుడివైపు ఏడో వరుసలో కొమ్మల నడుమ అయిదు గళ్ళు ఖాళీగా వచ్చాయి. అక్కడ ఒక పెద్ద కొమ్మ ఎప్పుడో విరిగి, ఆ సందును మిగతా కొమ్మలు ఇంకా నింపలేదు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా నాకు కనిపించని సందు అది.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఎడమవైపు 11 దగ్గర ఆగినప్పుడు, పన్నెండో గడిలో కొంచెం ఆకు ఉంది, సగం కన్నా తక్కువ. అక్కడ అంకె రాయాలని నా చెయ్యి లాగింది. చెట్టు ఒకవైపు ఒరిగి వికారంగా కనిపిస్తోంది, ఒక్క గడి కలిపితే సరిపోతుందనిపించింది. ఒక్క గడి కలిపితే ఇంకో రెండు కలపాలనిపించేది. చేతిలో కుంచె ఉండి, మాస్టారు చెప్పినట్టు మనసు కదిలించి వేసి ఉంటే, ఆ చెట్టును తప్పకుండా గుండ్రంగా చేసేవాణ్ణి, చూసినవాళ్ళు ఎంత బాగా వేశావు అనేవాళ్ళు, తీగల పక్కన కొట్టేసిన కొమ్మలు బొమ్మలో మళ్ళీ మొలిచేవి. నియమం నన్ను ఆపింది. మనసు కదిలి వేసిన చెట్లన్నీ అబద్ధాలని అనడం లేదు. కానీ వెచ్చని మనసు చెట్టుకు చేసే అన్యాయం కూడా ఒకటి ఉందనీ, దాన్ని మనం అన్యాయంగా గుర్తించకపోవడానికి కారణం అది అందంగా ఉండడమేననీ చెబుతున్నాను.

తర్వాత రామాయపట్నం వైపు పోయి, సముద్రపు గాలికి నిలబడ్డ మూడు తాడిచెట్లకు అదే పని చేశాను. తాడిచెట్టుకు అంకెల పనే ఉండదు. మాను పొడుగునా సున్నా, ఒకటి, పైన తల దగ్గర అయిదో ఆరో. తాడిచెట్లన్నీ ఒకేలా ఉంటాయని ఎవరైనా అంటారు. మూడిటినీ మూడు రంగుల పెన్నులతో ఒకే గళ్ళలో, మొదళ్ళు కలిసేలా, ఒకదాని మీద ఒకటి రాస్తే, తలలు మూడూ మూడు చోట్ల పడ్డాయి. ఒకటి రెండు గళ్ళు పడమరకు ఒరిగింది, ఒకటి తిన్నగా ఉంది, మూడోది నడుమ వంగి పైన మళ్ళీ నిలదొక్కుకుంది. గెయిన్స్ చెట్లను ఒకదాని మీద ఒకటి ఎందుకు పేర్చాడో అప్పుడు నాకు బోధపడింది. ఒక్క చెట్టును కొలిస్తే దాని ఆకారం తెలుస్తుంది, దాని పక్కన ఇంకోదాన్ని అదే గళ్ళలో పెడితేనే అది ఎందులో వేరో తెలుస్తుంది.

నియమాలతో ప్రకృతిని పట్టుకునే దారులు ఇంకా ఉన్నాయి, వాటిని దీనితో కలిపేయకూడదు. 1968లో లిండెన్‌మేయర్ అనే జీవశాస్త్రవేత్త మొక్కల పెరుగుదలను చిన్న చిన్న రాతనియమాలతో చూపాడు. లేత కణం ఒక అడుగులో ముదురుతుంది, ముదురు కణం ఒక ముదురుగానూ ఒక లేతగానూ విడిపోతుంది అని రెండే నియమాలు పెట్టుకుని ఒక్క లేత కణంతో మొదలుపెడితే, అడుగడుగుకూ కణాలు ఒకటి, ఒకటి, రెండు, మూడు, అయిదు, ఎనిమిది అవుతాయి. ఇవాళ సినిమాల్లో, వీడియో ఆటల్లో కంప్యూటరు పెంచే అడవులకు వెనక ఈ దారి ఉంది. అవి ఎంత బాగున్నా ఎక్కడా లేని చెట్లు, వాటికి కరెంటు తీగలు అడ్డం రాలేదు. హంగరీలో పుట్టిన ఆగ్నెస్ డీన్స్ అనే ఆమె ఫిన్లాండులో 1992 నుంచి 1996 దాకా ఒక కృత్రిమమైన గుట్ట మీద 11,000 మంది చేత 11,000 చెట్లు, గణితం ప్రకారం తీర్చిన సుడుల వరుసల్లో నాటించింది. 400 ఏళ్ళ దాకా దాన్ని కాపాడాలని ఏర్పాటు. గొప్ప పనే, కానీ అక్కడ నియమం చెట్టుకు పెట్టింది, చూపుకు కాదు. ప్రకాశం జిల్లాలో జామాయిలు, సుబాబుల్ తోటలు చూసి చూసి ఉన్న నాకు, వరుసలో నిలబెట్టిన చెట్టును చూస్తే ముందుగా కాగితం మిల్లు గుర్తొస్తుంది. ఆ గుట్ట చేసిన తప్పేమీ లేదు, నా కళ్ళే అలా తయారయ్యాయి.

అమ్మాయి మాత్రం ముగ్గును తెచ్చింది. పదిహేను చుక్కలు, ఎనిమిది వరకూ సందు చుక్క, ఇది కూడా గళ్ళూ నియమమూ కాదా, మా నానమ్మ వాకిట్లో వేసిన తామరపువ్వు గెయిన్స్ చెట్టుకు అక్క కాదా అని. పైపైన చూస్తే అవును. ఇలాంటి చోట మనకు నోరూరుతుంది కూడా, అంతా మన దగ్గర ముందే ఉందని చెప్పుకోవచ్చు కాబట్టి. గెయిన్స్ సైతం 1970ల మొదట్లో భారతీయ తాంత్రిక చిత్రాల పుస్తకం ఒకటి చూశాననీ, చిత్రకారుడు తన ఊహను, తన గోడును బొమ్మలో పోయకుండానే బొమ్మ పుట్టగలదన్న నమ్మకం తనకు అందులోంచి వచ్చిందనీ చెప్పుకున్నాడు. అది నిజమే అయినా ముగ్గు సంగతి వేరు. ముగ్గులో చుక్కలు ముందు, పువ్వు వెనక. ఆ చుక్కలకు ఆ పువ్వే వస్తుంది, ఏ వాకిట్లో వేసినా అదే తామర. చెరువులోని ఏ ఒక్క తామరనూ చూసి వేసింది కాదు, వేయాల్సిన అవసరమూ లేదు. మా అమ్మ ముగ్గు మంచి ముగ్గు కావడానికి దాని కారణాలు దానికి ఉన్నాయి. గెయిన్స్ గళ్ళు మాత్రం చుక్కల్లా పువ్వును కనవు, ఎదురుగా ఉన్న చెట్టు వచ్చి నిండేదాకా ఖాళీగా ఎదురుచూస్తాయి.

గెయిన్స్‌తో నేను విభేదించేది ఒకచోట ఉంది. నియమం పెట్టుకోవడం వల్ల తన వ్యక్తిగతమైన ఇష్టం బొమ్మలోంచి తొలగిపోయిందన్నది ఆయన మాటల్లోనూ, ఆయన గురించి రాసేవాళ్ళ మాటల్లోనూ తరచుగా వినిపించే సంగతి. సర్వేయరుగా నేను దీన్ని పూర్తిగా నమ్మను. నియమం అమలులో ఇష్టానికి చోటు లేకపోవచ్చు, నియమానికి ముందు చాలా చోటు ఉంటుంది. గీత ఏ రాయి నుంచి ఏ రాయికి పట్టుకోవాలో నేనే నిర్ణయించాను. అది మారితే ఆఫ్‌సెట్లన్నీ మారతాయి, పొలం మారదు కానీ పొలం బొమ్మలో పాత అంకె ఒక్కటీ మిగలదు. గెయిన్స్ కూడా ఏ తోటకు వెళ్ళాలో, ఏ వైపు నుంచి ఫొటో తీయాలో, ఏ చెట్టు ముందు రావాలో, దేనికి ఏ రంగు వేయాలో ఎంచుకోక తప్పదు. ఆ ఎంపికలను లేనట్టు చూడడం కన్నా, వాటిని ఒకచోట, ముందుగా, అందరికీ కనిపించేలా ముగించి, ఆ తర్వాత చెయ్యి కట్టేసుకున్నాడు అనడం సరిగ్గా ఉంటుంది. నాకు అదే ఎక్కువ గౌరవమైన పనిగా తోస్తుంది. నియమం అనేది తన ఇష్టప్రకారం పెట్టుకున్నదేననీ, గళ్ళలోని చెట్టు అసలు చెట్టు నిజాన్ని బయటపెట్టేదేమీ కాదనీ ఆయనా దాచడు. గడికి రెండు పక్కలా చెట్టు పొంగుతూనే ఉంటుంది, ఆ పొంగు ఫొటోలో కనిపిస్తూనే ఉంటుంది.

ఆ ఎంపిక ఎంత మాట్లాడగలదో ఆయన తర్వాతి పనిలో చూశాను. 1970లలో నల్లజాతి చిత్రకారుడు అంటే తన జాతి బాధను నేరుగా బొమ్మ కట్టాలని చుట్టూ ఉన్నవాళ్ళు ఆశించే కాలంలో, గెయిన్స్ అక్రోటు చెట్లకు అంకెలు రాస్తూ కూర్చున్నాడు. ఆ కాలపు పనికి పెద్ద గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. న్యూయార్కులోని నల్లజాతివాళ్ళ పేట హార్లెంలో ఉన్న స్టూడియో మ్యూజియం 1974 నుంచి 1989 దాకా ఆయన చేసిన గళ్ళ పనిని 2014లో ఒకచోట చేర్చి చూపింది. 2023లో న్యూయార్కులో పెట్టిన ప్రదర్శనకు ఆయన ఎంచుకున్నవి అక్రోటుకు చుట్టాలైన పీకన్ చెట్లు, అవి తను పుట్టిన చార్ల్స్‌టన్ దగ్గరి బూన్ హాల్ ప్లాంటేషన్‌లోనివి. ఒకప్పుడు బానిసల చేత చాకిరీ చేయించిన తోట అది. గళ్ళు అవే, అంకెలు అవే, చెట్టుకు ఒక రంగు అన్న పద్ధతీ అదే. నియమంలో ఎక్కడా కొరడా లేదు, కన్నీరు లేదు. కానీ ఈ చెట్టు ఎక్కడిది అన్న ఒక్క మాట తెలిశాక, గడి గడికీ అంకె రాసుకుంటూ పోయిన ఆ ఓపిక వేరే రకంగా కనిపిస్తుంది. ఆ తోటల్లోనే మనుషుల్ని కూడా పశువుల పక్కన, పనిముట్ల పక్కన, వరుస సంఖ్య వేసి, వెల కట్టి, కింద కూడి రిజిస్టర్లలో రాశారు. ఆ చరిత్ర తెలిసినవాడు అంకెను పట్టుకుని, దాన్ని కూడకుండా వాడడం యాదృచ్ఛికం అనుకోలేను. ఇది నా ఊహే, ఆయన ఇలా చెప్పాడని నేను అనడం లేదు.

అంతకు ఏడాది ముందు, 2022లో, న్యూయార్కు రేవులోని గవర్నర్స్ ద్వీపంలో ఆయన ఓడ లాంటి పెద్ద చెక్క కట్టడం ఒకటి నిలబెట్టాడు. లోపలికి నడిచి వెళ్తే తల మీద లావుపాటి ఇనుప గొలుసులు చప్పుడు చేసుకుంటూ కదులుతూ ఉంటాయి. అమ్మాయి ఆ వీడియో చూపించినప్పుడు నేను చాలాసేపు మాట్లాడలేదు. గొలుసు అనే మాటకు నాకు తెలిసిన అర్థం 66 అడుగులు.

ఈ వ్యాసం మొదలుపెట్టాక అటక మీది ట్రంకుపెట్టె దించి నా పాత నోటుపుస్తకాలు వెతికాను. కాలువ కోసం ఆ పొలాన్ని మేము చెట్ల లెక్క కన్నా కొన్ని నెలల ముందే కొలిచాం. అవ్వ పొలం పేజీ దొరికింది. ఉత్తరపు గట్టు గీత మీద 412 లింకుల దగ్గర కుడికి 6, దాని పక్కన నా చేతిరాతతో 'చింత' అని ఉంది. 455 దగ్గర కుడికి 9, మళ్ళీ 'చింత'. కాగితం పసుపు పచ్చగా మారినా అంకెలు చెదరలేదు. ఆ పేజీతో అమ్మాయినీ మాస్టారినీ తీసుకుని పోయాను. అప్పుడు ప్రకాశంలో ఉన్న ఊరు 2022లో నెల్లూరు జిల్లాలోకి పోయింది, పొలం ఉన్నచోటే ఉంది. పడమటి మూల రాయి ఇంకా నిలబడి ఉంది. అక్కణ్ణుంచి టేపు పట్టుకుని, లింకులను అడుగుల్లోకి మార్చుకుంటూ కొలిచి, రెండు చోట్లా కర్రపుల్లలు పాతాం. రెండూ కాలువ కట్ట వాలులో పడ్డాయి, చుట్టూ సర్కారు తుమ్మ మొలిచి ఉంది. మాస్టారు రెండు పుల్లల నడుమ నిలబడి పైకి చూశాడు. చెట్ల తలలు ఒకదానికొకటి తగులుతూ ఉండేవా అని అమ్మాయి అడిగింది. మానుల నడుమ దూరం 43 లింకులు, అంటే ఇరవై ఎనిమిది అడుగుల చిల్లర, కాబట్టి తగిలే ఉండాలి అన్నాను. ఏది పులుసు చెట్టో, ఏది పీచు చెట్టో అడిగింది. పేజీని రెండు వైపులా తిప్పి చూశాను, అది అందులో రాయలేదు.